ఆ 3 మిల్లీమీటర్లను జీన్ ప్యానెల్ కొలవదు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. గాజువాకలో ఉండే మా అక్కకు 34 ఏళ్లు, 9 ఏళ్ల పాప ఉంది. ఇంకో బిడ్డ కావాలని అక్కకూ బావగారికీ ఆశ. కలయిక తర్వాత రక్తం కనిపిస్తోందని డాక్టరమ్మ దగ్గరకు వెళ్తే పాప్ స్మియర్, కాల్పోస్కోపీ చేసి గర్భాశయ ముఖద్వారం నుంచి ముక్క తీశారు. బయాప్సీ రిపోర్టులో 'హెచ్‌సిల్, సిన్ 3. తొలి దశ స్ట్రోమల్ ఇన్వేజన్ లేదని కచ్చితంగా చెప్పలేం. పి16 బ్లాక్ పాజిటివ్, కేఐ-67 అన్ని పొరల్లోనూ ఎక్కువ' అని ఉంది. పి16 పాజిటివ్ అంటే క్యాన్సర్ లోపలికి దిగినట్టేనా? పరిశోధన పత్రాల్లో ఎంఎంపీ-9, ల్యామ్‌సీ2, ఎస్‌పీపీ1, టెర్క్ లాంటివి ఇన్వేజన్ మార్కర్లని చదివాను. ఒక ప్రైవేటు ల్యాబ్ బయాప్సీ బ్లాకు (ముక్కను మైనంలో పెట్టి దాచినది) ఇస్తే ఆర్‌ఎన్‌ఏ ప్యానెల్, అంటే చాలా జీన్ల చురుకుదనాన్ని ఒకేసారి కొలిచే పరీక్ష, చేస్తామంటోంది. చేయిద్దామా? బావగారి తరఫు పెద్దవాళ్లు మాత్రం 'పరీక్షలెందుకు, గర్భసంచి తీయించేస్తే పోలా' అంటున్నారు.

సమాధానం: ఆ ప్యానెల్ చేయించొద్దు. గర్భసంచి తీయించే తొందరా వద్దు. మీ అక్కకు ఇప్పుడు కావాల్సింది కోనైజేషన్, వాడుకలో కోన్. అంటే గర్భాశయ ముఖద్వారంలో మార్పు వచ్చిన భాగాన్ని శంకువు ఆకారంలో ఒకే ముక్కగా తీసి, ఆ ముక్క మొత్తాన్నీ పాథాలజిస్ట్ చూడటం. సిన్ 3 (హెచ్‌సిల్ అన్నా అదే కోవ) అంటే పై పొరలోనే ఉన్న, క్యాన్సర్‌కు ముందటి తీవ్రమైన మార్పు; ఇన్వేజన్ అంటే ఆ కణాలు పొర దాటి కింద ఉన్న స్ట్రోమా అనే ఆధార కణజాలంలోకి దిగడం. సిన్ 3కి కోనే చికిత్స, మీ అనుమానానికి అదే పరీక్ష కూడా.

జీన్ పరీక్ష ఎందుకు వద్దో తేల్చుకోవడానికి జీన్ల జోలికి వెళ్లనక్కర్లేదు. ప్యానెల్‌లో ఇన్వేజన్ ఉందని వచ్చిందనుకోండి, ఎంత లోతు దిగిందో తెలియాలి కాబట్టి కోన్ చేయాలి. లేదని వచ్చిందనుకోండి, సిన్ 3 ఎలాగూ ఉంది కాబట్టి అప్పుడూ కోన్ చేయాలి. ఏ జవాబొచ్చినా చేసే పని ఒకటే అయినప్పుడు ఆ డబ్బూ, ఫలితం కోసం ఆగే వారాలూ దండగ. సిన్ 3ని చూస్తూ కూర్చోవడం ఎలాగూ కుదరదు. న్యూజిలాండ్‌లో సరైన చికిత్స అందని సిన్ 3 స్త్రీలను దీర్ఘకాలం గమనిస్తే 30 ఏళ్లలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరిగా తీసేసిన వాళ్లలో అది 1 శాతం కూడా లేదు. ఈ రెండో అంకెను అక్కకు తప్పకుండా చెప్పండి, కోన్‌లో సిన్ 3 మాత్రమే ఉంటే ఆమెకు వర్తించేది అదే.

ఇక పి16. ఇది కణంలో ఉండే ఒక ప్రొటీన్; 'బ్లాక్ పాజిటివ్' అంటే దాని రంగు అక్కడక్కడా కాక గుంపుగా, ఒకేలా పట్టిందని. ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ తయారు చేసే ఈ7 ప్రొటీన్, కణవిభజనను అదుపులో ఉంచే ఆర్‌బీ ప్రొటీన్‌ను పనిచేయనీయదు. ఆర్‌బీ మూలపడితే దాన్ని అనుసరించి పి16 విపరీతంగా పెరుగుతుంది. అందుచేత పి16 బ్లాక్ పాజిటివ్ అన్న మాటకు అర్థం ఒక్కటే: అక్కడ హై రిస్క్ హెచ్‌పీవీ ఊరికే అంటుకుని లేదు, కణవిభజన పగ్గాలు చేతిలోకి తీసుకుంది. ఆ పని సిన్ 3లోనూ జరుగుతుంది, క్యాన్సర్‌లోనూ జరుగుతుంది. రంగు రెండింట్లోనూ ఒకేలా పడుతుంది. కేఐ-67 కూడా అంతే, కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చెబుతుంది తప్ప అవి ఏ దిక్కుగా నడుస్తున్నాయో చెప్పదు. కొన్ని ల్యాబ్‌లు వాడే ఎంసీఎం2, టాప్2ఏ రంగులూ ఆ కోవలోవే. మీ రిపోర్టులో ఈ రెండు మార్కర్లు వేసింది ఇది నిజంగా హై గ్రేడ్ మార్పేనా, లేక వాపు వల్లో కణాలు సన్నబడటం వల్లో అలా కనిపిస్తోందా అని తేల్చుకోవడానికి. ఆ పని అవి చేశాయి. ఇన్వేజన్ గురించి అవి పాజిటివ్‌గానూ చెప్పలేదు, నెగెటివ్‌గానూ చెప్పలేదు.

మరి పాథాలజిస్ట్ 'లేదని చెప్పలేం' అని ఎందుకు రాశారు? తొలి ఇన్వేజన్‌ను మైక్రోస్కోప్ కింద పట్టించే గుర్తులు కొన్ని ఉన్నాయి. పై పొర అడుగు గీత నున్నగా లేకుండా చెదిరిపోయి, అక్కడి నుంచి నాలుకల్లాంటి కణాల మొనలు కింది స్ట్రోమాలోకి పొడుచుకొస్తాయి. ఆ మొనలోని కణాలు పై కణాల కంటే పెద్దవిగా, గులాబీ రంగు సైటోప్లాజమ్‌తో, ముదిరినట్టు కనిపిస్తాయి. చుట్టూ స్ట్రోమా వదులై, తెల్లకణాలు మూగి ఉంటాయి. చిక్కేమిటంటే ఇవే పోలికలు వేరే కారణాల వల్లా వస్తాయి. సిన్ 3 గ్రంథుల లోపలికి పాకినప్పుడు ఆ గ్రంథిని ఏటవాలుగా కోస్తే లోపల విడి గూడులా కనిపిస్తుంది. ముక్క తీసేటప్పుడు ఫోర్సెప్స్ నొక్కితే కణాలు నలిగిపోతాయి. పంచ్ బయాప్సీ ముక్క సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లే, అందులో అడుగున స్ట్రోమా సరిగ్గా రాకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆ పాథాలజిస్ట్ తన ఎదుట ఉన్న ముక్కతో చెప్పగలిగినంతే చెప్పారు. దాన్ని చేతకానితనంగా తీసుకోకండి, ఇలాంటి చోట నిక్కచ్చిగా రాసేయడమే ప్రమాదం.

మీరు చదివిన జీన్ల సంగతికొస్తే, అవన్నీ ఉత్త మాటలని చెప్పను. ఇన్వేజన్‌లో వాటికి పాత్ర ఉంది. అన్నిటికంటే పాథాలజిస్టులకు దగ్గరగా వచ్చింది ల్యామ్‌సీ2. ఇది ల్యామినిన్-332 అనే ప్రొటీన్‌లోని గామా-2 గొలుసును తయారు చేసే జీన్; ఆ ప్రొటీన్‌నే పాత పత్రాల్లో ల్యామినిన్-5 అన్నారు. స్ట్రోమాలోకి దిగే మొనలో ముందు వరుసన ఉన్న కణాల సైటోప్లాజమ్‌లో ఇది పేరుకుంటుంది. వెనక ఉన్న సిన్ 3 కణాల్లో సాధారణంగా ఉండదు. 1990ల నుంచే గర్భాశయ ముఖద్వార బయాప్సీల్లో దీన్ని పరీక్షించారు. మంచి మార్కరే. అయితే చర్మంలోగానీ ముఖద్వారంలోగానీ గాయం మానేటప్పుడు అంచు నుంచి పాకే మామూలు కణాలు కూడా ఇదే ప్రొటీన్ తయారు చేస్తాయి. మీ అక్కకు ఇప్పటికే ఒకసారి ముక్క తీశారు కదా, ఆ గాయం మానుతున్న చోట ల్యామ్‌సీ2 కనిపిస్తే దాన్ని ఏమని చదవాలి? స్లైడు మీద రంగు వేసి చూస్తే ఏ కణంలో ఉందో, ఎక్కడుందో తెలుస్తుంది కాబట్టి పాథాలజిస్ట్ విడదీసి చెప్పగలరు. ఆర్‌ఎన్‌ఏ తీసి అంకెగా మార్చేస్తే ఆ వెసులుబాటు పోతుంది.

ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనేవి పై పొరకూ స్ట్రోమాకూ మధ్య గోడలా ఉండే బేస్‌మెంట్ మెంబ్రేన్‌లోని నాలుగో రకం కొల్లాజెన్‌ను కోసే ఎంజైములు. కాగితం మీద చూస్తే ఇంతకంటే సూటి మార్కర్ ఇంకేముంటుంది అనిపిస్తుంది. కానీ ఎంఎంపీ-9 న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజులనే తెల్లకణాల్లో పుష్కలంగా ఉంటుంది. ఇన్ఫెక్షన్‌తో వాచిన ముఖద్వారంలో అది పెరగడం మామూలే. పైగా ఈ ఎంజైములు మొదట పనిచేయని రూపంలో తయారవుతాయి. ఎంఎంపీ-2ను పనిలోకి దింపడానికి కణం పైపొర మీద ఎంటీ1-ఎంఎంపీ, దానికి తోడు టింప్-2 అనే ప్రొటీన్లు కావాలి. అందువల్ల ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్నంత మాత్రాన అక్కడ గోడ తెగుతోందని అర్థం కాదు. ఎస్‌పీపీ1 కూడా మాక్రోఫేజులు ఉదారంగా తయారు చేసేదే. విమెంటిన్ పెరిగింది, ఈ-క్యాడ్‌హెరిన్ తగ్గింది, అంటే కణాలు పొర నుంచి విడిపోయి కదులుతున్నాయి అనే జంట వాదన కూడా మీకు కనబడి ఉంటుంది. స్ట్రోమా కణాల్లో విమెంటిన్ సహజంగానే నిండుగా ఉంటుంది, ముక్కలో స్ట్రోమా కాస్త ఎక్కువ వస్తే చాలు, అంకె పైకి పోతుంది. టెర్క్ కథ వేరు. మూడో క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద ఈ జీన్ ఉండే 3క్యూ26 చోట కాపీలు పెరగడం సిన్ 3 నుంచి క్యాన్సర్‌కు మారే దారిలో తరచుగా కనిపించేదే. కానీ చాలా సిన్ 3ల్లో అది ఇన్వేజన్ లేకుండానే ఉంటుంది, కాబట్టి ఉందా లేదా అన్న గీత అక్కడ గీయలేం.

ల్యాబ్ వాళ్లు బ్లాకు నుంచి తీసేది బల్క్ ఆర్‌ఎన్‌ఏ. అంటే మామూలు పొర, సిన్ 3, స్ట్రోమా, తెల్లకణాలు, రక్తనాళాలు అన్నీ కలిసిన నమూనా. తొలి ఇన్వేజన్ మొన వందల కణాలకు మించకపోవచ్చు. పులుసు మొత్తం మిక్సీలో వేసి, ఏ ముక్కలో ఉప్పెక్కువైందో చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం. లేజర్‌తో కావాల్సిన కణాలనే కోసి తీసే పద్ధతి పరిశోధనశాలల్లో ఉంది. వాణిజ్య ప్యానెల్ చేసేవాళ్లు అది చేస్తున్నారా అని అడిగి చూడండి. చేస్తామన్నా ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఏ కణాలను కోయాలో చూపించడానికి ముందు పాథాలజిస్ట్ ఇన్వేజన్‌ను కంటితో గుర్తుపట్టాలి. అది గుర్తుపట్టాక జీన్ పరీక్షకు మిగిలిన పనేముంది?

ఫార్మలిన్ కూడా మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. పారఫిన్ బ్లాకులో ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ముక్కలై ఉంటుంది. 200 న్యూక్లియోటైడ్ల కంటే పొడవున్న ముక్కల శాతాన్ని డీవీ200 అంటారు. అది 30 కంటే తక్కువైతే చాలా ల్యాబ్‌లు సీక్వెన్సింగ్‌కు నమూనాను పక్కన పెడతాయి. ముక్క ఫార్మలిన్‌లో పడేలోపు బయట ఎంతసేపు ఉందో, ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉందో బట్టి ఇది మారుతుంది, కొన్ని జీన్ల స్థాయి కూడా మారుతుంది. మీ దగ్గర ఆ సమయాల రికార్డు ఉండదు.

మీరు చదువుకునే విషయం కాబట్టి ఇంకో సంగతి. ఇన్వేజన్ మార్కర్ల జాబితాలు ఒక పత్రానికీ ఇంకో పత్రానికీ ఎందుకు కలవవో పద్ధతుల విభాగం చదివితే తెలిసిపోతుంది. చాలావాటిలో పోల్చింది మామూలు ముఖద్వారాన్నీ, బాగా ముదిరిన గడ్డనీ. మీకు కావాల్సిన పోలిక సిన్ 3కీ 3 మిల్లీమీటర్ల లోపు ఇన్వేజన్‌కీ మధ్య. అందరూ ఎత్తి చూపే, అమెరికా క్యాన్సర్ జన్యు ప్రాజెక్టు టీసీజీఏ అధ్యయనం 2017లో వచ్చింది. దాని ప్రధాన విశ్లేషణలో ఉన్న 178 గడ్డలూ ఇన్వేజివ్ క్యాన్సర్లే, సిన్ 3 పోలికకు అవి పనికిరావు. దీనికంటే మీ పనికి దగ్గరగా ఉండేది జీఈఓ అనే ఆన్‌లైన్ జీన్ డేటా భాండాగారంలోని జీఎస్‌ఈ63514: లేజర్‌తో తీసిన 128 నమూనాలు, అందులో 24 మామూలువి, 40 సిన్ 3, 28 క్యాన్సర్లు. అది ఉచితంగా దొరుకుతుంది, ప్రాజెక్టుకు బాగుంటుంది. లెక్క కట్టేటప్పుడు 20,000 జీన్లను 0.05 గీత మీద పరీక్షిస్తే ఏ తేడా లేకున్నా 1,000 జీన్లు కాకతాళీయంగా తేడా చూపిస్తాయని మరచిపోకండి. చిన్న గుంపులతో వచ్చిన జాబితాల్లో సగం మాయ అక్కడే ఉంటుంది. ఆ ఉత్సాహమంతా ఆ డేటా మీద చూపించండి, అక్క బ్లాకు మీద వద్దు.

మిథైలేషన్ పరీక్షలని ఎవరైనా చెబితే అవీ వేరే పనికోసం. ఎఫ్‌ఏఎమ్19ఏ4, మిర్124-2 లాంటి జీన్ల మీద మిథైల్ గుర్తులను చూసే పరీక్షలు స్క్రీనింగ్‌లో హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిన స్త్రీలలో ఎవరిని ముందు కాల్పోస్కోపీకి పంపాలో తేల్చడానికి పుట్టాయి. పి16, కేఐ-67 కలిపి వేసే డ్యూయల్ స్టెయిన్ కూడా అందుకే. మీ అక్క ఆ మెట్టు ఎప్పుడో దాటేసింది.

బ్లాకు ఇవ్వొద్దని గట్టిగా చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. పంచ్ బయాప్సీ బ్లాకులో కణజాలం చాలా కొంచెం ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ కోసం ఐదు నుంచి పది మైక్రాన్ల పొరలు కొన్ని కోస్తే, పాథాలజిస్ట్‌కు లోతు పొరలు చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు. ఆ అనుమానపు మొన ఆ పొరల్లోనే ఉండి ఉండొచ్చు. ఇక కోన్ చేసిన రోజు తాజా ముక్కలోంచి కొంచెం కోసి ఆర్‌ఎన్‌ఏ ట్యూబులో వేస్తామని ఎవరన్నా, ఎంత పేరున్న ల్యాబైనా ఒప్పుకోకండి. కోసిన ఆ చోటే అతి లోతైన చోటైతే స్టేజీ లెక్క ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు చేయాల్సినవి. మొదట ఉన్న స్లైడ్లు, బ్లాకు తీసుకుని గైనిక్ ఆంకాలజీ చూసే పెద్ద సెంటర్‌లో రెండో అభిప్రాయం తీసుకోండి. గాజువాక నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే, అది టాటా మెమోరియల్ సెంటర్ నడిపేది. సిటీలో ఉండాలనుకుంటే ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధమైన కేజీహెచ్ ఉంది. స్లైడ్లు ఎన్ని, బ్లాకులు ఎన్ని, వాటి మీది నంబర్లేమిటో రాసి ఉన్న రసీదు తీసుకోండి. బ్లాకును మండుటెండలో బండి డిక్కీలో పెట్టకండి, పారఫిన్ మెత్తబడుతుంది. స్లైడ్లను పేపరులో చుట్టకుండా ప్లాస్టిక్ స్లైడ్ పెట్టెలో తీసుకెళ్లండి. రెండో అభిప్రాయం కోసం కోన్‌ను నెలల తరబడి వాయిదా వేయకండి, రెండూ సమాంతరంగా నడిపించుకోవచ్చు.

ఈలోగా ఎవరైనా 'క్రయో పెడితే పోతుంది', 'థర్మల్‌తో కాల్చేద్దాం' అంటే వద్దనండి. ఇన్వేజన్ అనుమానం ఉన్నచోట చలితో గడ్డకట్టించే (క్రయో), వేడితో కాల్చే (థర్మల్) చికిత్సలు రెండూ నిషిద్ధం. పైన మానిపోతుంది, కింద ఏముందో చూడటానికి ముక్క కూడా దొరకదు.

గర్భసంచి తీయించేద్దామన్న పెద్దవాళ్ల మాట గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే. గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెబుతున్నాయి. లోతు తెలియకుండా మామూలు హిస్టరెక్టమీ చేసి, తర్వాత బయాప్సీలో 6 మిల్లీమీటర్ల ఇన్వేజన్ అని బయటపడితే, పక్క కణజాలం, లింఫ్ గ్రంథులు చూడకుండా వదిలేసినట్టవుతుంది. మళ్లీ ఆపరేషనో, రేడియేషనో తప్పదు, రెండింటి ఇబ్బందులూ ఆమె మీదే పడతాయి. అదే ఆపరేషన్ లోతు తెలిశాక సరైన స్టేజీలో చేస్తే చక్కగా సరిపోతుంది. బావగారి అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: తీయొద్దనడం లేదు, ఎంతవరకు తీయాలో తెలుసుకోకుండా తీయొద్దంటున్నాం. ఒక్కసారి తీసేశాక ఇంకో బిడ్డ ప్రస్తావన ముగిసినట్టే అని కూడా గుర్తుచేయండి.

కోన్ ఎలా చేస్తారో ముందే మాట్లాడుకోండి. రెండు దారులు: కరెంటు తీగ లూపుతో తీసే లీప్, కత్తితో కోసే కోల్డ్ నైఫ్ కోన్. లీప్ సులువు, రక్తం తక్కువ. కానీ లూపు చిన్నదైతే ముక్క రెండు మూడుగా వస్తుంది, అంచులు కాలిపోతే అక్కడ కణం ఉందో లేదో చదవలేం. ఇన్వేజన్ అనుమానం రాసి ఉన్న రిపోర్టులకు కోల్డ్ నైఫ్ కోన్ మేలన్నదే నా అభిప్రాయం, చేసేవాళ్ల చేయి మంచిదైతే పెద్ద లూపుతో ఒకే ముక్కగా తీసిన లీప్ కూడా సరిపోతుంది. ఏ పద్ధతైనా అడగాల్సిన మాట ఒకటే: 'ఒకే ముక్కగా వస్తుందా, అంచులు చదవగలిగేలా ఉంటాయా?' నెలసరి అయిపోయిన వారంలో పెట్టుకోవడం మంచిది. దానికి ముందు గర్భం లేదని పరీక్ష చేయించాలి.

ముక్క బయటకు రాగానే 12 గంటల దిక్కున దారపు ముడి వేయాలి. అది లేకపోతే ఏది పైన, ఏది పక్క అన్నది పాథాలజిస్ట్‌కు తెలియదు, అంచులో మిగిలితే ఎటువైపు మిగిలిందో చెప్పలేరు. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వెంటనే వేయాలి. ఇరుకు డబ్బాలో కుక్కితే బయట గట్టిపడి లోపల కుళ్లుతుంది, అలాంటి ముక్కలో కేఐ-67 రంగు కూడా సరిగా పట్టదు. ల్యాబ్‌లో అంచులకు ఇంకు పూసి, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందాన పలకలుగా కోసి, మొత్తాన్నీ బ్లాకుల్లో పెట్టాలి. రిపోర్టులో 'రిప్రజెంటేటివ్ సెక్షన్స్' అని ఉండి మూడు నాలుగు బ్లాకులే కనబడితే, మిగతా కణజాలం కూడా పెట్టమని అడగండి. ఇది అడగడానికి మొహమాటపడకండి.

రిపోర్టు వచ్చాక చూడాల్సినవి: లోతు మిల్లీమీటర్లలో ఎంత, దాన్ని మార్పు మొదలైన పొర అడుగు నుంచి కొలిచారా, లింఫ్ నాళాల్లో కణాలున్నాయా అంటే ఎల్‌వీఎస్‌ఐ ఏమిటి, బయటి అంచు, లోపలి అంచు, లోతు అంచు మూడూ శుభ్రంగా ఉన్నాయా. మార్కర్ల మీద డబ్బు పెట్టే చోటు ఏదైనా ఉందంటే ఇక్కడే. ఎల్‌వీఎస్‌ఐ అనుమానంగా ఉంటే డీ2-40 రంగు వేస్తే నిజమైన లింఫ్ నాళమా, కణజాలం ముడుచుకుని ఏర్పడ్డ ఖాళీనా అన్నది తేలుతుంది. ఒంటరి కణాలు దిగాయేమో అన్న అనుమానం ఉంటే సైటోకెరటిన్ రంగు వాటిని పట్టిస్తుంది. ఈ రెండూ అదే బ్లాకు మీద, అదే పాథాలజిస్ట్ చేతిలో జరుగుతాయి. మీ ల్యాబ్ ప్యానెల్‌లా కొత్త మాటలు చెప్పవు గానీ చికిత్సను మార్చేవి ఇవే.

ఇన్వేజన్ లేకుండా సిన్ 3 మాత్రమే ఉండి అంచులు శుభ్రంగా ఉంటే చికిత్స అయిపోయినట్టే. 6 నెలలకు హెచ్‌పీవీ పరీక్ష, తర్వాత ఏడాదికోసారి, ఆ తర్వాత కూడా కనీసం 25 ఏళ్లు విడవకుండా స్క్రీనింగ్. లోతు 3 మిల్లీమీటర్లలోపు ఉంటే ఫిగో (అంతర్జాతీయ గైనకాలజీ సమాఖ్య) స్టేజీ లెక్కలో అది 1ఏ1. 2018 నుంచి వెడల్పును లెక్కలోకి తీసుకోవడం లేదు, పాత పుస్తకాల్లోని 7 మిల్లీమీటర్ల గొడవ వదిలేయండి. 1ఏ1లో ఎల్‌వీఎస్‌ఐ లేకుండా అంచులు శుభ్రంగా ఉంటే లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం 1 శాతం కంటే తక్కువ. బిడ్డ కావాలనుకునే స్త్రీకి ఆ కోనే చాలు, గర్భసంచి తీయనక్కర్లేదు. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాతి మూడేళ్లు ఆరు నెలలకోసారి స్మియర్ చూపించుకోవాలి. మీ ఇంట్లో గట్టిగా చెప్పాల్సిన వాక్యం 'ఆ కోనే చాలు' అన్నదే.

అంచులో ఇన్వేజివ్ క్యాన్సర్ మిగిలితే అసలు లోతు తెలియనట్టే. ఫిగో దాన్ని 1బీ1గా లెక్కిస్తుంది, అందుకే వెంటనే పెద్ద ఆపరేషన్‌కు పోకుండా రెండో కోన్ చేసి లోతు తేల్చుకోవడం మంచిది. ఎల్‌వీఎస్‌ఐ ఉంటేగానీ, లోతు 3 దాటి 5 మిల్లీమీటర్ల వరకు ఉండి 1ఏ2 అయితేగానీ లింఫ్ గ్రంథులను చూడాలి. ఈ దశలోనూ గర్భసంచిని నిలిపే మార్గాలు కొందరికి కుదురుతాయి, అది గైనిక్ ఆంకాలజిస్ట్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిందే. 5 దాటితే ఎంఆర్‌ఐ, పెద్ద ఆపరేషన్ లేదా కీమో రేడియేషన్ మాట వస్తుంది. రాడికల్ హిస్టరెక్టమీ చేయాల్సి వస్తే ల్యాపరోస్కోపీలో చేద్దామంటే జాగ్రత్త. 2018లో వచ్చిన ల్యాక్ ట్రయల్‌లో పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌తో పోలిస్తే ల్యాపరోస్కోపీ, రోబోతో చేసినవాటిలో క్యాన్సర్ తిరగబెట్టడం, మరణాలు ఎక్కువయ్యాయి.

కోన్‌కు ముందే ఎంఆర్‌ఐ తీయించి 'గడ్డ ఏమీ కనబడలేదు' అని ఊరట పడకండి. ఇన్ని మిల్లీమీటర్ల ఇన్వేజన్‌ను ఎంఆర్‌ఐ చాలాసార్లు పట్టదు. పెట్-సీటీ సంగతి ఇప్పుడు ఎత్తనే వద్దు.

కోన్ తర్వాత రెండు వారాల దాకా మచ్చలు కనబడటం మామూలే. గంటకు ఒక ప్యాడ్ తడిసేంత రక్తమైనా, జ్వరమైనా, దుర్వాసనైనా ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగు నుంచి ఆరు వారాలు కలయిక వద్దు, బరువులు ఎత్తొద్దు. కోన్ ఎంత లోతైతే తర్వాతి కాన్పు నెలలు నిండకముందే వచ్చే ముప్పు అంత పెరుగుతుంది, ముఖద్వారం బిగుసుకుపోయే అవకాశమూ కొంత ఉంది. అందుకని మళ్లీ గర్భం వచ్చాక ఈ ఆపరేషన్ సంగతి ప్రసూతి డాక్టర్‌కు మొదటి విజిట్‌లోనే చెప్పాలి, స్కాన్‌లో ముఖద్వారం పొడవు కొలుస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ఏ చికిత్స కింద వస్తుందో, ముందస్తు అనుమతికి ఏ కాగితాలు కావాలో కనుక్కోండి, తర్వాత అడిగితే పని కాదు.

పాపకు 9 ఏళ్లంటున్నారు కాబట్టి హెచ్‌పీవీ టీకాకు ఇదే సరైన వయసు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలుపెడితే రెండు డోసులు, ఆరు నెలల తేడాతో. మన దగ్గర సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసే సర్వావ్యాక్ ఉంది. టీకా అక్కకున్న సిన్ 3ని తగ్గించదు, అందుకని ఆమెకు ముందు కోన్, తర్వాతే ఆ మాట. పాప టీకాకు మాత్రం అక్క రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.